ఇరవై వేల లోపు ఫోన్: మూడో ఏడు కూడా నడవాలంటే

ఫోన్ల మీద మాకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం రూ.12 వేల నుంచి రూ.20 వేల మధ్య కొనేవారివే. ఈ ధరలో దాదాపు ఏ ఫోనైనా మొదటి ఆరు నెలలు బాగానే నడుస్తుంది. తేడా తెలిసేది రెండో ఎండాకాలంలో, మూడో ఏడులో. ఈసారి జవాబులన్నీ ఆ లెక్కతోనే రాస్తున్నాం. మోడల్ పేర్లు నెలనెలా మారుతుంటాయి కాబట్టి ఏం చూడాలి, ఎట్లా చూడాలి అన్నదానికే ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న: మా బిడ్డ కాకతీయ యూనివర్సిటీల పీజీ చేస్తున్నది. రూ.18 వేల లోపు ఫోన్ కొనిద్దామని హనుమకొండ చౌరస్తా దగ్గర రెండు మూడు షాపులు తిరిగినం. ఒకచోట ‘16 జీబీ ర్యామ్’ అంటరు, ఇంకోచోట ‘108 మెగాపిక్సెల్ కెమెరా’ అంటరు. ఇందుల పనికొచ్చేది ఏది? ఉత్త మాట ఏది?
– ఒక గృహిణి, నయీంనగర్, హనుమకొండ

జవాబు: ముందు ర్యామ్ సంగతి. ఈ ధరలో 16 జీబీ అని రాసి ఉంటే దాదాపు ఎప్పుడూ అది 8+8. అసలు ర్యామ్ 8 జీబీ. మిగతా 8 జీబీ స్టోరేజీలోంచి అరువు తీసుకున్నది. ఇంట్లో జాగ చాలక సామాను అరుగు మీద పెట్టుకున్నట్టే, వస్తువు ఉంటుంది కానీ కావాల్సినప్పుడల్లా బయటికి పోయి తెచ్చుకోవాలి. స్టోరేజీ ఎంత వేగమైనదైనా ర్యామ్ వేగాన్ని అందుకోలేదు. కాబట్టి షాపులో ‘అసలు ర్యామ్ ఎంత’ అని అడగండి. 6 జీబీకి తక్కువ వద్దు. మూడేండ్లు వాడాలంటే 8 జీబీ తీసుకోండి.

షాపువాళ్లు చెప్పనిది, అన్నిటికంటే ముఖ్యమైనది స్టోరేజీ రకం. 128 జీబీ అని రెండు ఫోన్ల మీద ఒకేలా రాసి ఉంటుంది. ఒకదానిలో ఈఎంఎంసీ 5.1 చిప్ ఉండవచ్చు, ఇంకోదానిలో యూఎఫ్ఎస్ 2.2 ఉండవచ్చు. మొదటిది సెకనుకు సుమారు 250–300 మెగాబైట్లు చదువుతుంది, రెండోది 900 దాటుతుంది. పైగా ఈఎంఎంసీ ఒక సమయంలో చదవడమో రాయడమో ఒక్కటే చేస్తుంది, యూఎఫ్ఎస్ రెండూ ఒకేసారి చేస్తుంది. వాట్సాప్ వీడియోలు దిగుతుండగానే ఫోన్‌పే తెరవబోతే తెల్ల స్క్రీన్ మీద ఆగిపోయే ఫోన్లలో చాలావాటి రోగం ఇదే. కొత్తలో తెలియదు. స్టోరేజీ ముప్పావు నిండాక తెలుస్తుంది. పెట్టె మీద ఈ వివరం సాధారణంగా ఉండదు. కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఆ మోడల్ స్పెసిఫికేషన్ల పేజీ తెరిచి ‘స్టోరేజ్ టైప్’ చూడండి. రూ.15 వేలు పెడుతూ ఈఎంఎంసీ తీసుకోవడం మా దృష్టిలో డబ్బు పారేసుకోవడమే.

ప్రాసెసర్ దగ్గర ‘ఎనిమిది కోర్లు’ (లోపల లెక్కలు చేసే భాగాలు) అన్న మాటకు విలువ లేదు, అన్నిటికీ ఎనిమిదే. వాటిలో బరువు మోసే పెద్ద కోర్లు ఎన్ని అన్నదే లెక్క. మీడియాటెక్ డైమెన్సిటీ 6300లో పెద్దవి రెండే, అవీ పాత ఏ76 రకం. డైమెన్సిటీ 7300లో ఏ78 రకం నాలుగు ఉన్నాయి. స్నాప్‌డ్రాగన్ 6 జెన్ 1, 7ఎస్ జెన్ 2లలో కూడా ఏ78 కోర్లు నాలుగే. కాల్స్, వాట్సాప్, యూట్యూబ్‌కు మొదటిది సరిపోతుంది. మీ అమ్మాయి ఆన్‌లైన్ క్లాసు చూస్తూ పక్కనే పీడీఎఫ్ తెరిచి నోట్స్ రాసుకుంటుంది కాబట్టి నాలుగు పెద్ద కోర్లున్నదే తీసుకోండి.

స్క్రీన్‌కు వస్తే, తెలుగు చదివేవాళ్లు ఒకటి ప్రత్యేకంగా చూసుకోవాలి. 6.7 అంగుళాల హెచ్‌డీ ప్లస్ తెరలో అంగుళానికి సుమారు 260 చుక్కలే ఉంటాయి, ఫుల్ హెచ్‌డీ ప్లస్‌లో 390 పైన. ఇంగ్లిష్ అక్షరాలకు ఈ తేడా అంతగా తెలియదు. తెలుగులో వత్తులు, గుడులు చిన్నవి. పేపర్ పీడీఎఫ్‌లో ‘క్ష్మ’, ‘స్త్రీ’ లాంటి అక్షరాలు హెచ్‌డీ ప్లస్ మీద మసకగా కలిసిపోతాయి. షాపులోనే ఏదైనా తెలుగు దినపత్రిక ఈ-పేపర్ తెరిచి చిన్న అక్షరాలు చదివి చూడండి. 120 హెర్ట్జ్ (తెర బొమ్మ సెకనుకు 120 సార్లు మారడం) అని రాసి ఉన్న హెచ్‌డీ ప్లస్ తెరకన్నా 90 హెర్ట్జ్ ఫుల్ హెచ్‌డీ ప్లస్ తెర మేలు.

108 మెగాపిక్సెల్ కెమెరా మామూలుగా తొమ్మిది పిక్సెళ్లను ఒకటిగా కలిపి 12 మెగాపిక్సెళ్ల ఫొటోనే ఇస్తుంది. 50 మెగాపిక్సెల్ కెమెరా నాలుగింటిని కలిపి 12.5 ఇస్తుంది. చివరికి చేతికొచ్చేది దాదాపు ఒకటే. చూడాల్సింది ఓఐఎస్, అంటే చేయి వణికితే లెన్సు తనే సర్దుకునే ఏర్పాటు ఉందా లేదా అన్నది. సాయంత్రం ట్యూబ్‌లైట్ వెలుతురులో తీసిన ఫొటోలో తేడా అక్కడే కనిపిస్తుంది. వెనుక ‘2 మెగాపిక్సెల్ మాక్రో’, ‘2 మెగాపిక్సెల్ డెప్త్’ అని ఉంటే అవి కెమెరాల సంఖ్య పెంచడానికి పెట్టినవే, లెక్కలోంచి తీసేయండి.

ఇక అప్‌డేట్ల లెక్క. ఎన్నేండ్లు ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్లు ఇస్తారు, ఎన్నేండ్లు సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇస్తారు అన్నవి రెండు వేర్వేరు. శాంసంగ్ గెలాక్సీ ఏ16 5జీ 2024లో వచ్చినప్పుడు రెండూ ఆరేండ్లు ఇస్తామన్నారు. ఈ ధరలో చాలా ఫోన్లకు వెర్షన్లు రెండు మూడే, ప్యాచ్‌లు మూడు నాలుగేండ్లు. ఈ గడువు సాధారణంగా మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి నడుస్తుంది, మీరు కొన్న రోజు నుంచి కాదు. ఏడాదిన్నర కిందటి మోడల్ మీద మూడు వేలు తగ్గింపు ఇస్తున్నారంటే ఏడాదిన్నర అప్‌డేట్లు అప్పటికే ఖర్చయిపోయాయని అర్థం. బ్యాంకు యాప్‌లు పాత ఆండ్రాయిడ్‌ను ఒక్కోటిగా వదిలేస్తుంటాయి కాబట్టి దీన్ని చిన్న విషయం అనుకోవద్దు.

షాపులో డెమో ఫోన్ చేతికిస్తే ఒక పావుగంట ఇట్లా వాడండి. మీ సిమ్ వేసి ఒక కాల్ చేయండి. చెవికి ఆనించగానే తెర ఆరిపోవాలి, తీయగానే వెలగాలి. కొన్ని చౌక ఫోన్లలో దీనికి అసలు సెన్సర్ ఉండదు, సాఫ్ట్‌వేర్‌తో అంచనా వేస్తాయి. అది తప్పితే చెంప తగిలి కాల్ మ్యూట్ అవుతుంది, కట్ అవుతుంది. తర్వాత మ్యాప్స్ తెరిచి ఫోన్ తిప్పండి. నీలి బాణం కూడా తిరగాలి, తిరగకపోతే దిక్సూచి సెన్సర్ లేనట్టే. కెమెరాతో వరుసగా పది ఫొటోలు తీసి వెంటనే గ్యాలరీ తెరవండి, ‘ప్రాసెసింగ్’ అంటూ ఎంతసేపు ఆగుతుందో చూడండి. చివరగా లౌడ్‌స్పీకర్ పూర్తిగా పెంచి వినండి, గొంతు పగిలినట్టు రాకూడదు.

బిల్లు మీద ఐఎంఈఐ నంబర్ (ప్రతి ఫోన్‌కూ వేరుగా ఉండే గుర్తింపు సంఖ్య) ఉండాలి. సెల్‌ఫోన్ల మీద జీఎస్టీ 18 శాతం. ‘బిల్లు లేకుంటే తగ్గిస్తం’ అంటే ఒప్పుకోకండి. వారంటీకైనా, ఫోన్ పోతే ఫిర్యాదుకైనా ఆ కాగితమే ఆధారం.

ప్రశ్న: నర్సంపేట దగ్గర మిర్చి, పత్తి వేస్తం. ఎండల చేను కాడ ఫోన్ తెర కనబడదు. ఏప్రిల్, మే నెలల్ల చార్జింగ్ పెడితే మధ్యల ఆగిపోతది, ‘టెంపరేచర్ ఎక్కువైంది’ అని వస్తది. కొత్తది కొంటే ఈ బాధ తప్పుతదా?
– ఒక రైతు, నర్సంపేట మండలం

జవాబు: తెర బాధ తప్పుతుంది. వేడి బాధ తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు.

తెర వెలుగును నిట్స్‌లో కొలుస్తారు. ప్రకటనలో ‘3000 నిట్స్’ అని కనిపిస్తే అది తెరలో చిన్న ముక్క కొన్ని క్షణాలు వెలిగే గరిష్ఠ వెలుగు. మీకు కావాల్సింది హెచ్‌బీఎం అనే అంకె, అంటే ఎండలో తెర మొత్తం వెలిగే వెలుగు. 500–600 నిట్స్ ఎల్‌సీడీ తెర మధ్యాహ్నం ఎండలో చదవరాదు. హెచ్‌బీఎం 1000 నిట్స్, ఆపైన ఉన్న అమోలెడ్ (ప్రతి చుక్కా తనంతట తనే వెలిగే తెర) తీసుకోండి. ఆటో బ్రైట్‌నెస్ ఆన్‌లో ఉంటేనే చాలా ఫోన్లు ఈ పూర్తి వెలుగు ఇస్తాయి. కొనేముందు డెమో ఫోన్ షాపు బయటికి తెచ్చి ఎండలో చూడండి. ఒక మాట గుర్తుంచుకోవాలి: అమోలెడ్ పగిలితే మార్చే ఖర్చు ఎల్‌సీడీకన్నా బాగా ఎక్కువ.

ఇక వేడి. చాలా కంపెనీలు ఫోన్‌ను చుట్టూ 35 డిగ్రీల లోపు వాడాలని చెబుతాయి. మన దగ్గర మే నెలలో 43–44 మామూలే. బ్యాటరీ 45 డిగ్రీల దగ్గరికి రాగానే ఫోన్ తనే చార్జింగ్ తగ్గిస్తుంది, ఆపుతుంది. అది చెడిపోవడం కాదు, తనను తాను కాపాడుకోవడం. లిథియం బ్యాటరీకి బద్ధ శత్రువులు రెండు: వేడి, నిండు చార్జింగ్. రెండూ కలిస్తే ఏడాదిలోనే బ్యాటరీ సత్తువ బాగా తగ్గవచ్చు. కాబట్టి ఎండాకాలంలో తెల్లవారుజామున చార్జ్ చేయండి. అప్పుడు వెనుక కవర్ తీసేయండి. సెట్టింగ్స్‌లో బ్యాటరీ కింద ‘80 శాతం వద్ద ఆపు’ అనే ఏర్పాటు ఉంటే పెట్టుకోండి. 6000 ఎంఏహెచ్ ఫోన్ 80 శాతంతో కూడా పొద్దంతా నడుస్తుంది, మీలాంటివారికి పెద్ద బ్యాటరీతో అసలు లాభం అదే. చార్జింగ్ పెట్టి వీడియోలు చూడకండి. బండి ట్యాంకు కవర్‌లో ఎండకు వదలకండి.

మోటర్ స్టార్టర్ డబ్బా దగ్గర తీసిన లైన్ నుంచి చార్జ్ చేయడం మానేయండి. ఫోన్ చార్జర్లు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకునేలా చేస్తారు. తక్కువ వోల్టేజీతో వాటికి పేచీ లేదు. న్యూట్రల్ తెగితే సింగిల్ ఫేజ్ లైన్‌లోకి 300 వోల్టులు దాటి రావచ్చు, అప్పుడు చార్జర్ కాలుతుంది, ఒక్కోసారి ఫోన్ బోర్డు కూడా పోతుంది. బాయి కాడ అవసరమైతే పవర్ బ్యాంక్ తీసుకుపోండి.

బండి హ్యాండిల్‌కు ఫోన్ స్టాండ్ బిగించేవారికి కూడా ఒక మాట. ఇంజిన్ అదురుకు ఓఐఎస్ కెమెరా లోపలి సన్నని భాగాలు దెబ్బతినవచ్చు. అట్లా అయితే ఫొటో ఎప్పుడూ వణికినట్టు వస్తుంది.

ప్రశ్న: తాడ్వాయి దగ్గర బడిలో పనిచేస్తున్నాను. మా దగ్గర 5జీ గుర్తు వస్తూ పోతూ ఉంటుంది, కాల్స్ తెగుతాయి. తోటి టీచర్ ఫోన్‌లో అదే సిమ్ కొంచెం మేలుగా ఉంది. ఫోన్ మారిస్తే సిగ్నల్ మారుతుందా?
– ఒక ఉపాధ్యాయుడు, ములుగు జిల్లా

జవాబు: మారవచ్చు. కానీ ముందు కొలవండి. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, అందులో సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ స్ట్రెంత్ డీబీఎంలో కనిపిస్తుంది. మైనస్ 95 లోపు ఉంటే బాగున్నట్టు. మైనస్ 105 దాటితే బలహీనం. మైనస్ 115 దాటితే కాల్స్ తెగుతాయి. మీ సిమ్‌నే రెండు ఫోన్లలో మార్చి, ఒకే కుర్చీలో కూర్చొని చూడండి. పదికి పైగా తేడా ఉంటే మీ ఫోన్ యాంటెన్నాదో బ్యాండ్లదో (ఫోన్ పట్టుకోగల ఫ్రీక్వెన్సీలదో) లోపం. తేడా లేకపోతే కొత్త ఫోన్‌కు పెట్టే డబ్బు దండగ.

అడవి ప్రాంతానికి తక్కువ ఫ్రీక్వెన్సీ బ్యాండ్లే దిక్కు. 3500 మెగాహెర్ట్జ్ సిగ్నల్ చెట్లు, గోడలు దాటలేక ఆగిపోతుంది, 700 మెగాహెర్ట్జ్ దూరం పోతుంది. జియో 5జీ ఈ 700ను ఎన్28 పేరుతో, 3500ను ఎన్78 పేరుతో వాడుతుంది. బీఎస్ఎన్ఎల్ 4జీకి బ్యాండ్ 28 కావాలి. జియో 4జీకి బ్యాండ్ 5, ఎయిర్‌టెల్ 4జీకి బ్యాండ్ 8 తక్కువ ఫ్రీక్వెన్సీవి. కొనబోయే ఫోన్ స్పెసిఫికేషన్లలో ఈ అంకెలు వెతకండి.

ఇంకో చిక్కుంది. జియో 5జీ, 4జీ మీద ఆధారపడని ఎస్ఏ పద్ధతిలో నడుస్తుంది, ఎయిర్‌టెల్ ఎక్కువగా 4జీ మీద ఆధారపడే ఎన్ఎస్ఏ పద్ధతిలో మొదలుపెట్టింది. పదివేల దరిదాపుల్లో వచ్చిన కొన్ని 5జీ ఫోన్లు ఎస్ఏ ఒక్కటే పట్టుకుంటాయి. ఎయిర్‌టెల్ సిమ్ వేస్తే వాటిలో ఎన్ఎస్ఏ 5జీ రాదు. స్పెసిఫికేషన్లలో ‘ఎస్ఏ, ఎన్ఎస్ఏ’ రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి.

ఈలోపు సెట్టింగ్స్‌లో ప్రిఫర్డ్ నెట్‌వర్క్‌ను 4జీకి మార్చండి. 5జీ, 4జీల మధ్య ఊగిసలాట ఆగుతుంది, బ్యాటరీ మిగులుతుంది. బడిలో వైఫై ఉంటే వైఫై కాలింగ్ ఆన్ చేయండి. మేడారం జాతర రోజుల్లో వచ్చే ఇబ్బంది వేరు. అప్పుడు సిగ్నల్ నిండుగా ఉన్నా లక్షల ఫోన్లు టవర్ల మీద పడతాయి, ఎంత ఖరీదైన ఫోనైనా ఏం చేయలేదు. ఆ నాలుగు రోజులు ఎస్ఎంఎస్‌లే నమ్మకం. దారి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

ప్రశ్న: సింగరేణిలో పనిచేసి రిటైర్ అయిన. పెన్షన్‌కు ముఖం చూపి లైఫ్ సర్టిఫికెట్ ఇయ్యొచ్చంటున్నరు. వేలిముద్రతో ఫోన్ తెరుచుకోదు, అరచేతులు గరుకు. ఎటువంటి ఫోన్ కొనుక్కోవాలె?
– ఒక పాఠకుడు, గోదావరిఖని

జవాబు: తెర కింద వేలిముద్ర చదివే రకం మీకు వద్దు. గరుకు, పొడి చర్మం మీద అది తరచూ తప్పుతుంది. పక్క బటన్‌లో సెన్సర్ ఉన్నది తీసుకోండి. అదే బొటనవేలిని రెండు మూడు వేర్వేరు పేర్లతో, కొంచెం కొంచెం వంపు మార్చి నమోదు చేయించండి. చాలామందికి దీంతో కుదురుతుంది.

జీవన్ ప్రమాణ్ ముఖ గుర్తింపుకు ముందు కెమెరా కనీసం 5 మెగాపిక్సెల్ ఉండాలి. ఇప్పుడు వచ్చే ఫోన్లన్నిటిలో అంతకంటే ఎక్కువే ఉంది. ఆధార్ ఫేస్ ఆర్‌డీ, జీవన్ ప్రమాణ్ అనే రెండు యాప్‌లు వేయాలి. ముందు కెమెరా అద్దం తుడిచి, కిటికీకి ఎదురుగా కూర్చోండి. వెలుతురు ముఖం మీద పడాలి, వెనుక నుంచి రాకూడదు. కళ్లద్దాలు తీసి, చెప్పినప్పుడు కళ్లు ఆర్పండి. ఈ పనికోసం మీరు రూ.12 వేలు దాటాల్సిన అవసరం లేదు. మిగిలిన డబ్బుతో పెద్ద శబ్దం వచ్చే రెండు స్పీకర్ల మోడల్ చూడండి. సెట్టింగ్స్‌లో ఫాంట్ సైజు, డిస్‌ప్లే సైజు రెండూ పెంచుకోండి. ఒక్క ఫాంటే పెంచితే బటన్లు చిన్నవిగానే మిగులుతాయి.

ప్రశ్న: కరీంనగర్‌లో ఏడాది వాడిన మంచి మోడల్ రూ.9 వేలకు ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?
– ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: బిల్లు, పెట్టె చూపిస్తేనే మాట్లాడండి. స్టార్ హాష్ 06 హాష్ నొక్కితే వచ్చే 15 అంకెల ఐఎంఈఐ, బిల్లు మీదిది, పెట్టె మీదిది మూడూ ఒకటే కావాలి. కేవైఎం అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, ఆ నంబర్ రాసి 14422కు ఎస్ఎంఎస్ పంపండి. బ్లాక్ చేసిన ఫోనైతే తెలిసిపోతుంది. కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో కూడా ఇదే చూడొచ్చు.

ఇప్పుడు ఎక్కువగా మోసం జరిగేది ఈఎంఐ ఫోన్లతో. వాయిదాల మీద కొన్న ఫోన్‌లో ఫైనాన్స్ కంపెనీ లాక్ ఉండవచ్చు. అమ్మినాయన తర్వాతి వాయిదా కట్టకపోతే మీ చేతిలో ఫోన్ మూతపడుతుంది. అందుకే ఆయన ముందే గూగుల్ ఖాతా తీసేసి, ఫ్యాక్టరీ రీసెట్ చేయమనండి. వైఫై కలిపి మొదటి నుంచి సెటప్ చేయండి. పాత ఖాతా పాస్‌వర్డ్ అడిగినా, ‘ఈ ఫోన్ సంస్థ నిర్వహణలో ఉంది’ అనే మాట కనిపించినా అక్కడితో వదిలేయండి. వాయిదాలు తీరిపోయాయంటే ఎన్‌ఓసీ (బాకీ లేదని ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే పత్రం) చూపించమనండి.

తెర మార్చారేమో చూడండి. అమోలెడ్ పగిలినప్పుడు చౌక ఎల్‌సీడీ వేస్తే తెర కింది వేలిముద్ర పనిచేయదు, నలుపు రంగు బూడిద రంగులా కనిపిస్తుంది. పూర్తి తెల్ల ఫొటో పెట్టి పచ్చగీతలు, మచ్చలు వెతకండి. అరగంట వీడియో నడిపి చార్జింగ్ ఎంత తగ్గిందో చూడండి. 10 శాతానికి మించి పడితే బ్యాటరీ మార్చే ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. అన్నీ బాగున్నా, కొత్తది ఇవాళ దొరికే ధరలో సగానికి మించి పెట్టవద్దని మా సలహా.

ప్రశ్న: కొత్త ఫోన్ పెట్టెలో చార్జర్ లేదు. ఏ చార్జరైనా పరవాలేదా?
– ఒక పాఠకురాలు, మంచిర్యాల

జవాబు: ఫోన్ చెడిపోదు కానీ వేగం రాకపోవచ్చు. కొన్ని కంపెనీల వేగవంతమైన చార్జింగ్ వాటి సొంత చార్జర్, సొంత కేబుల్ రెండూ ఉంటేనే పనిచేస్తుంది. వేరే చార్జర్‌తో 10–18 వాట్లకు పడిపోవచ్చు. ఫోన్ యూఎస్‌బీ పీడీ, పీపీఎస్ (ఏ ఒక్క కంపెనీకో పరిమితం కాని వేగవంతమైన చార్జింగ్ పద్ధతులు) రకాన్ని ఒప్పుకుంటే ఏ మంచి కంపెనీ పీపీఎస్ చార్జరైనా చాలు, ఇంట్లో అందరి ఫోన్లకూ పనికొస్తుంది. చార్జర్ మీద బీఐఎస్ గుర్తు, దాని కింద ఇంగ్లిష్ ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. బస్టాండు దగ్గర రూ.150కి దొరికేవాటిలో ఇది ఉండదు, ఉన్నా నమ్మలేం.

ప్రశ్న: ఐపీ64 ఫోన్ నాటు వేస్తుంటే మడిలో పడింది. బియ్యంలో పెట్టాలా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: వద్దు. బియ్యం లోపలి తడిని లాగదు, పిండి పోర్టులోకి పోతుంది. ఐపీ64 అంటే చిలకరింత నీళ్లను ఆపుతుంది, మునిగితే ఆపదు. వెంటనే స్విచ్ ఆఫ్ చేసి, సిమ్ ట్రే తీసి, బురద తడిబట్టతో తుడవండి. పోర్టు కిందికి ఉండేలా గాలి తగిలే నీడలో కనీసం 24 గంటలు పెట్టండి. హెయిర్ డ్రయ్యర్ వాడకండి, మధ్యలో ‘నడుస్తుందా’ అని ఆన్ చేయకండి, చార్జింగ్ అసలే పెట్టకండి. తడిగా ఉన్న బోర్డులోకి కరెంటు పోతే తుప్పు ఇంకా వేగంగా పడుతుంది. నీళ్ల వల్ల చెడితే వారంటీ సాధారణంగా వర్తించదు, పెట్టె మీద ఐపీ68 ఉన్నా సరే.

ప్రశ్న: ఏనుమాముల మార్కెట్‌లో పని. చార్జింగ్ కేబుల్ ఊరికే ఊడిపోతోంది. పోర్టు మార్చాలంటున్నారు.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ముందు లోపల చూడండి. పత్తి నూగు, దుమ్ము పోర్టు అడుగున గట్టిగా ఒత్తుకుపోయి కేబుల్ పూర్తిగా దిగదు. ఫోన్ ఆఫ్ చేసి, సన్నగా చెక్కిన పుల్లతో పోర్టు అడుగు మూలల నుంచి మెల్లగా గీకి తీయండి. పిన్నీసు, సూది వద్దు, మధ్యలోని సన్నని నాలుకమీది కాంటాక్టులు తెగుతాయి. నోటితో ఊదితే తడి లోపలికి పోతుంది, అదీ వద్దు. తర్వాత వేరే కేబుల్‌తో చూడండి. అప్పటికీ వదులుగా ఉంటేనే పోర్టు మార్పించండి. చాలా మోడళ్లలో అది విడిగా ఉండే చిన్న చార్జింగ్ బోర్డు మీదే ఉంటుంది, మెయిన్ బోర్డు జోలికి పోనక్కర లేదు. మెయిన్ బోర్డు మార్చాలని ఎవరైనా అంటే ఇంకో షాపులో చూపించండి.